పెద్ద చక్రపు యూనిసైకిల్‌కు గేరు నిష్పత్తిని ఎంచుకోవడం ఎలా

దూర ప్రయాణానికి పెద్ద చక్రపు యూనిసైకిల్‌ను, అంటే ఒకే చక్రం ఉన్న సైకిల్‌ను, సిద్ధం చేసుకునేవారు ముందుగా ఆలోచించేది వేగం గురించి. గేరు నిష్పత్తిని, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఎన్ని చుట్లు తిరగాలన్నదాన్ని, నిర్ణయించడానికి ఆ ఒక్క ఆలోచన చాలదు. రెండు చక్రాల సైకిల్‌లో పెడళ్ల పని బండిని ముందుకు నడపడం మాత్రమే. యూనిసైకిల్‌లో అవే పెడళ్లు మనిషిని ముందుకో వెనక్కో పడిపోకుండా నిలబెడతాయి కూడా. గేరు పెంచితే మొదటి పని సులువవుతుంది, రెండో పని కష్టమవుతుంది. కాబట్టి ఎంత నిష్పత్తి కావాలన్నది మీ దారిలో చదునుగా, సాఫీగా ఉన్న భాగాన్ని చూసి కాక, మీరు అతి నెమ్మదిగా, అతి జాగ్రత్తగా వెళ్లవలసిన భాగాన్ని చూసి తేల్చుకోవాలి. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

మొదట కొలత

మామూలు యూనిసైకిల్‌లో క్రాంకులు, అంటే పెడళ్లను పట్టి ఉంచే కడ్డీలు, నేరుగా చక్రం నడిమి భాగమైన హబ్‌కే బిగించి ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది, పెడల్ ఆగితే చక్రమూ ఆగుతుంది. అందువల్ల చక్రం కొలతే దాని గేరు. 36 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.87 మీటర్లు వెళ్తుంది, 29 అంగుళాలది 2.30 మీటర్లు, 26 అంగుళాలది 2.10 మీటర్లు. ఇవి ఉజ్జాయింపు అంకెలే. టైరు లావు, అందులోని గాలి, మీ బరువు కలిసి అసలు దూరాన్ని కాస్త మారుస్తాయి. అందుకని టైరు మీద, నేల మీద ఒకేచోట సుద్దతో గీత పెట్టి, సీటు మీద కూర్చుని, ఒకరి సాయంతో చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా ముందుకు కదిలి, టైరు మీది గీత మళ్లీ నేలను తాకిన చోటును టేపుతో కొలవండి. ఆ అంకెను రాసిపెట్టుకోండి. మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలుస్తాయి.

పంతొమ్మిదో శతాబ్దపు ఎత్తు చక్రపు సైకిళ్లలోనూ పెడళ్లు ముందు చక్రానికే బిగించి ఉండేవి కాబట్టి వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప దారి లేదు. తొక్కేవారి కాళ్ల పొడవే ఆ పెరుగుదలకు హద్దుగా ఉండేది. తర్వాత చైన్ వచ్చినప్పుడు, ఈ గేరు ఎన్ని అంగుళాల చక్రంతో సమానం అని చెప్పే అలవాటు ఏర్పడింది. ఆ పద్ధతి యూనిసైకిల్‌కు చక్కగా సరిపోతుంది. 36 అంగుళాల టైరును 1990ల చివర్లో కోకర్ టైర్ కంపెనీ యూనిసైకిల్‌కు అమర్చి అమ్మడం మొదలుపెట్టాక దూర ప్రయాణికుల ప్రధాన వాహనం అదే అయింది. అంతకు మించిన వేగం కోరినవారికి స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్లోరియన్ ష్లుంఫ్ రూపొందించిన గేరు హబ్ దారి చూపింది. హబ్ లోపల ఒక ప్లానెటరీ గేరు, అంటే నడిమి పళ్లచక్రం చుట్టూ చిన్న పళ్లచక్రాలుండే అమరిక, ఉంటుంది. తక్కువ గేరులో చక్రం పెడల్‌తో సమానంగా తిరుగుతుంది, ఎక్కువ గేరులో పెడల్ ఒక చుట్టుకు చక్రం సుమారు 1.55 చుట్లు తిరుగుతుంది. ఇరుసు చివర ఇరువైపులా ఉండే బొత్తాలను మడమతో నొక్కి, కదులుతూనే గేరు మార్చుకోవచ్చు.

దీని ప్రకారం 36 అంగుళాల చక్రం ఎక్కువ గేరులో పెడల్ చుట్టుకు 4.45 మీటర్లు వెళ్తుంది, అంటే దాదాపు 56 అంగుళాల చక్రంతో సమానం. 29 అంగుళాలది 3.57 మీటర్లు, 26 అంగుళాలది 3.26 మీటర్లు వెళ్తాయి. గేరు లేని 36 అంగుళాల చక్రం మీద నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 15.5 కిలోమీటర్లు, 110 చుట్లు తొక్కితే 18.9 కిలోమీటర్లు వస్తాయి. అదే చక్రం ఎక్కువ గేరులో 70 చుట్లకే 18.7 కిలోమీటర్లు, 90 చుట్లకు 24 కిలోమీటర్లు ఇస్తుంది.

చూడటానికి ఈ అంకెలు ఎంతో ఊరిస్తాయి. అయితే 2007లో సామ్ వేక్‌లింగ్ 24 గంటల్లో 453.6 కిలోమీటర్లు యూనిసైకిల్ మీద వెళ్లినప్పుడు సగటు వేగం గంటకు 18.9 కిలోమీటర్లు. ఆ వేగానికి 36 అంగుళాల చక్రం మీద గేరు లేకుండా 110 చుట్లు కావాలి, 1.55 గేరుతో 71 చాలు. రెండూ మనిషి చేయగల పనులే. దూర ప్రయాణంలో నిలిచేది సగటే కాబట్టి, గరిష్ఠ వేగాన్ని చూసి గేరు కొనడం కంటే ఏ తొక్కు వేగంలో మీరు గంటల తరబడి సుఖంగా ఉండగలరో ముందుగా తెలుసుకోవడం మేలు. చక్రానికి స్పీడోమీటర్ బిగించి, చదునైన దారిలో ఒక గంట పాటు ప్రయత్నపూర్వకంగా వేగం పెంచకుండా తొక్కండి. గంటకు వచ్చిన కిలోమీటర్లను 1000తో గుణించి, 60తో భాగించి, ఆపైన మీరు కొలిచిన చుట్టు దూరంతో భాగిస్తే మీ సహజమైన తొక్కు వేగం తెలుస్తుంది.

గేరు పెరిగితే నిలకడకు ఏమవుతుంది

పెడల్ పైభాగంలోనో అడుగుభాగంలోనో ఉన్నప్పుడు పాదం ఎంత నొక్కినా చక్రం మీద దాదాపు ప్రభావం ఉండదు. క్రాంకులు నేలకు సమాంతరంగా ఉన్న సమయంలోనే చక్రాన్ని ముందుకు తోసి గానీ వెనక్కి పట్టి గానీ ఒంటి వాలును సరిదిద్దుకోగలం. ఒక చుట్టులో అలాంటి గట్టి అవకాశాలు రెండే. గేరు లేని 36 అంగుళాల చక్రం మీద ఒక అవకాశానికీ మరొకదానికీ మధ్య మీరు 1.43 మీటర్లు ప్రయాణిస్తారు. 1.55 గేరులో అది 2.2 మీటర్లవుతుంది. ఆ మధ్యలో గుంత వచ్చినా, గాలి తోసినా, రోడ్డు అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా మీరు చేయగలిగింది చాలా తక్కువ. వేగంగా వెళ్తున్నప్పుడు చక్రపు ఊపే మిమ్మల్ని దాటిస్తుంది. గంటకు 14 కిలోమీటర్లకు తగ్గినప్పుడు మాత్రం ఎక్కువ గేరులో పెడళ్లు నిమిషానికి 52 చుట్లకు పడిపోతాయి, అంటే సరిదిద్దుకునే అవకాశం సెకనుకు రెండుసార్లు కూడా రాదు. తక్కువ గేరులో అదే వేగానికి 81 చుట్లు ఉంటాయి కాబట్టి అవకాశాలు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వస్తాయి.

దీనికి మరో రెండు సంగతులు తోడవుతాయి. పాదం వేసే బలం ఎక్కువ గేరులో చక్రానికి చేరేసరికి 1.55వ వంతుకు తగ్గుతుంది. అందువల్ల తొక్కు వేగంలో ఒకే మార్పు తేవడానికి పాదం వేయవలసిన బలం 1.55 వర్గం, అంటే 2.4 రెట్లు అవుతుంది. చక్రం, మీరు కలిసి అకస్మాత్తుగా బరువెక్కినట్లు అనిపించడానికి కారణం ఇదే. ఇక రెండోది, ప్లానెటరీ గేరు పళ్ల మధ్య ఉండే కొద్దిపాటి సందు. నెమ్మదిగా వెళ్తూ ముందుకూ వెనక్కూ బలం మార్చినప్పుడల్లా ఆ సందు పాదానికి తగులుతుంది. నిలకడగా ముందుకు తొక్కుతున్నంతసేపు మాత్రం అది తెలియదు. ఈ మూడింటినీ కలిపి చూస్తే, రద్దీలో, ఇరుకు దారుల్లో, మలుపుల వద్ద ఎక్కువ గేరు ఎందుకు అలసట తెస్తుందో అర్థమవుతుంది.

క్రాంక్ పొడవు లేకుండా నిష్పత్తికి అర్థం లేదు

కొత్తవారు గేరు నిష్పత్తిని ఒక అంకెగా, క్రాంక్ పొడవును వేరొక అంకెగా చూస్తారు. ఈ రెండింటినీ కలిపే కొలతను అమెరికా సైకిల్ మెకానిక్, రచయిత షెల్డన్ బ్రౌన్ ప్రతిపాదించారు. దాని పేరు గెయిన్ రేషియో. చక్రం వ్యాసార్ధాన్ని క్రాంక్ పొడవుతో భాగించి, గేరు నిష్పత్తితో గుణించాలి. పాదం తన వృత్తంలో ఒక మీటరు కదిలితే బండి ఎన్ని మీటర్లు కదులుతుందో అది చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది.

36 అంగుళాల చక్రం వ్యాసార్ధం 457 మిల్లీమీటర్లు అనుకుందాం. గేరు లేకుండా 150 మిల్లీమీటర్ల క్రాంకుతో గెయిన్ 3.05, 125తో 3.66, 114తో 4.01, 100తో 4.57 వస్తాయి. 1.55 గేరులో 165 మిల్లీమీటర్ల క్రాంకుతో 4.29, 150తో 4.72, 125తో 5.67 వస్తాయి. ఈ వరుసను ఒకసారి నిదానంగా చూడండి. ఎక్కువ గేరులో 150 మిల్లీమీటర్ల క్రాంకు ఇచ్చే పట్టు, గేరు లేని చక్రానికి 100 మిల్లీమీటర్ల క్రాంకు ఇచ్చే పట్టుకు దాదాపు సమానం. పాదం కదిలే వేగం కూడా రెండింటిలో దాదాపు ఒకటే. తేడా అంతా ఆ కదలిక ఎలాంటిదన్న దానిలో ఉంది. చిన్న క్రాంకుతో చిన్న వృత్తాలు చకచకా తిరుగుతాయి, మోకాలు తక్కువగా వంగుతుంది, సరిదిద్దుకునే అవకాశాలు తరచుగా వస్తాయి, కానీ అదుపు తప్పకుండా వేగంగా తొక్కే నేర్పు కావాలి. గేరుతో పెద్ద వృత్తాలు నిదానంగా తిరుగుతాయి, తొడలు సీటుకు రాసుకోవడం తగ్గుతుంది, కానీ ప్రతి తొక్కుకూ మధ్య దూరం పెరుగుతుంది.

గేరు హబ్ కొనే ఆలోచన ఉన్నవారు ముందుగా గేరు లేని పెద్ద చక్రానికి చిన్న క్రాంకులు బిగించి కొంతకాలం తొక్కి చూడాలని నేను గట్టిగా చెబుతాను. 4.5 ప్రాంతపు గెయిన్‌లో ఎత్తులు ఎక్కడం, ఆగడం, మళ్లీ ఎక్కి కదలడం ఎలా ఉంటాయో చాలా తక్కువ ఖర్చుతో అక్కడే తెలిసిపోతుంది. రెండు మూడు పెడల్ రంధ్రాలున్న క్రాంకులు దొరుకుతాయి, వాటితో పరీక్ష మరింత సులువు.

ఎత్తు దారి లెక్క

మీరు, బండి, సామాను కలిపి 80 కిలోలనుకుందాం. నూటికి 5 వాలున్న ఎత్తులో వెనక్కి లాగే బలం 4 కిలోల బరువుకు సమానం, టైరు రాపిడికి అర కిలో కలుపుకుంటే నాలుగున్నర. దీన్ని గెయిన్‌తో గుణిస్తే పాదాలు ఒక చుట్టు పొడవునా సగటున వేయవలసిన బలం వస్తుంది. గేరు లేని చక్రానికి 150 మిల్లీమీటర్ల క్రాంకుతో అది సుమారు 14 కిలోలు, 125తో 16.5 కిలోలు, 100తో 20.5 కిలోలు. ఎక్కువ గేరులో 150 క్రాంకుతో 21 కిలోలు దాటుతుంది. ఇది సగటు మాత్రమే. పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు బలం పనిచేయదు కాబట్టి, క్రాంకు అడ్డంగా ఉన్న క్షణంలో ఇంతకు సుమారు ఒకటిన్నర రెట్లు నొక్కాలి. అది ఒక నిమిషం సాధ్యమే, అరగంట పాటు ప్రతి తొక్కుకూ సాధ్యం కాదు. పైగా ఎత్తులో వేగం తగ్గేకొద్దీ ఆ బలహీనమైన స్థానాలను దాటించే ఊపు కూడా తగ్గిపోయి, చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది.

మీ దారిలో అతి పెద్ద ఎత్తుకు ఈ లెక్క వేసి, తక్కువ గేరులో ఆ బలం మీకు భరించదగినదో కాదో చూడండి. కాకపోతే పరిష్కారం పొడవైన క్రాంకో చిన్న చక్రమో అవుతుంది. గేరు హబ్ ఆ సమస్యను తీర్చదు, ఎందుకంటే అందులోని తక్కువ గేరు మామూలు చక్రంతో సమానమే తప్ప అంతకన్నా తేలికైనది కాదు. రెండు చక్రాల సైకిల్ అలవాటున్నవారు ఈ విషయాన్ని తరచుగా మరచిపోతారు.

ఎదురుగాలి సంగతీ ఇలాంటిదే. యూనిసైకిల్ మీద ఒళ్లు నిటారుగా ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. కాగితం మీద గంటకు 24 కిలోమీటర్లు చూపించే గేరు, గాలి వీచే బయలులో 18కి దిగిపోయి, మిమ్మల్ని 67 చుట్ల బరువైన తొక్కుడుకు కట్టిపడేయవచ్చు. చేతిపిడి పట్టుకుని ముందుకు వంగే వీలు ఉంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

గేరు మార్చే వేగం

1.55 అన్నది రెండు గేర్ల మధ్య చాలా పెద్ద అడుగు. తక్కువ గేరులో 110 చుట్ల వద్ద పైకి మారిస్తే పెడళ్లు 71కి పడతాయి. ఎక్కువ గేరులో 70 చుట్ల వద్ద కిందికి మారిస్తే ఒక్కసారిగా 108కి ఎగబాకుతాయి. కాబట్టి పైకి మార్చడానికి మీకు సుఖమైన వేగాన్ని, కిందికి మార్చడానికి అంతకంటే తక్కువ వేగాన్ని నిర్ణయించుకోవాలి. గంటకు 14, 15 కిలోమీటర్ల దగ్గర మారిస్తే రెండు వైపులా 52 నుంచి 88 లోపే ఉంటారు, నేర్చుకునేవారికి అది మంచి చోటు. ఎత్తు మొదలయ్యాక కాక దానికి ముందే కిందికి మార్చండి. లోపలి పళ్లు కలిసే ఆ చిన్న క్షణంలో పెడళ్లకు పట్టు ఉండకపోవచ్చు కనుక బరువంతా సీటు మీదే ఉంచాలి. మడమ బొత్తానికి అందడం క్రాంక్ పొడవు, పాదం పొడవుల మీద ఆధారపడుతుంది కాబట్టి, క్రాంకు మార్చిన ప్రతిసారీ ఈ కదలికను మళ్లీ సాధన చేయవలసి వస్తుంది.

ఏ చక్రానికి ఏ గేరు

ఎక్కువ భాగం చదునుగా, ఆగవలసిన అవసరం తక్కువగా ఉన్న పొడవైన దారులకు గేరు లేని 36 అంగుళాల చక్రం, 125 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య క్రాంకులు దాదాపు అందరికీ సరిపోతాయి. 150తో మొదలుపెట్టి, అలవాటయ్యాక తగ్గించుకుంటూ రావడం మంచి పద్ధతి. పెద్ద చక్రపు ఊపు చిన్నచిన్న గుంతలను మింగేస్తుంది, గేరు యంత్రం లేనందున చెడిపోయేదీ తక్కువే.

దారిలో ఎత్తుపల్లాలు, కూడళ్లు ఎక్కువగా ఉండి, మధ్యమధ్యలో పొడవైన చదును కూడా ఉంటే గేరు హబ్ ఉన్న 29 అంగుళాల చక్రాన్నే నేను ముందుగా సూచిస్తాను. తక్కువ గేరులో 2.30 మీటర్ల చుట్టు ఎత్తులకూ ఎక్కి కదలడానికీ తేలిక, ఎక్కువ గేరులో 3.57 మీటర్ల చుట్టు గేరు లేని 36 కంటే 24 శాతం ఎక్కువ. చక్రం తేలికగా ఉన్నందున తప్పును సరిదిద్దుకోవడమూ సులువే. 125 మిల్లీమీటర్ల క్రాంకుతో దీని ఎక్కువ గేరు గెయిన్ 4.5 ప్రాంతంలో, 150తో 3.8 ప్రాంతంలో ఉంటుంది. 26 అంగుళాల చక్రానికి అదే హబ్ వేస్తే ఎక్కువ గేరు 36 కంటే కాస్త ఎక్కువ దూరం ఇస్తుంది, మట్టి దారులు కలిసిన ప్రయాణానికి అది పనికివస్తుంది.

గేరు హబ్ ఉన్న 36 అంగుళాల చక్రం వేగం కోసమే ఉన్నది. అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య నియమాల్లోని అన్‌లిమిటెడ్ విభాగంలో చక్రానికీ గేరుకూ హద్దు లేదు, అలాంటి పోటీలకు అది సరైన సాధనం. 2008లో కెనడాలోని నోవాస్కోషియాలో జరిగిన రైడ్ ద లాబ్‌స్టర్ 800 కిలోమీటర్ల పోటీలా జట్టు సభ్యులు వంతులవారీగా తొక్కే చోట కూడా దాని లాభం కనిపిస్తుంది. ఒంటరిగా సామానుతో రోజంతా వెళ్లేవారికి ఆ లాభం ఎంతవరకు దక్కుతుందో తెలియాలంటే, మీ దారిలో ఎంత భాగాన్ని నిజంగా గంటకు 17 కిలోమీటర్లకు పైన తొక్కగలరో లెక్కించండి. అది సగానికి తక్కువైతే ఆ హబ్ బరువును, ఖర్చును మోయడంలో అర్థం లేదు.

స్వయంగా చైన్‌తో గేరు కట్టుకునేవారికి నిష్పత్తి స్వేచ్ఛ ఎక్కువ. క్రాంకు వైపు పళ్ల సంఖ్యను చక్రం వైపు పళ్ల సంఖ్యతో భాగిస్తే చాలు. 1.2 లేదా 1.3తో మొదలుపెట్టడం 1.5కు ఎగరడం కంటే ఎంతో సురక్షితం. చైన్ బిగువు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. వెనక్కి పట్టి తొక్కినప్పుడు చైన్ కింది వైపు కూడా బలం లాగుతుంది కాబట్టి, మామూలు సైకిళ్లలోని స్ప్రింగ్ బిగింపు ఇక్కడ పనికిరాదు. ఇరుసును జరిపే బిగించాలి. చైన్ ఊడితే ఆ క్షణమే కింద పడతారు.

దిగుడు, బ్రేకు

యూనిసైకిల్ గేరులో పెడల్ తిప్పకుండా జారిపోయే వీలు ఉండదు. దిగుడులో చక్రం ఎంత వేగంగా తిరిగితే పెడళ్లూ అంత వేగంగా తిరుగుతాయి. చిన్న క్రాంకు వేసినా, ఎక్కువ గేరు వేసినా కాళ్లతో వెనక్కి పట్టే శక్తి తగ్గుతుంది. గెయిన్ 4 దాటిన ఏ అమరికకైనా మంచి రిమ్ బ్రేకో డిస్క్ బ్రేకో తప్పనిసరి. ఎక్కువ గేరులో దిగుడులోకి వెళ్లడం పెడళ్లను నెమ్మదిగా ఉంచుతుందన్నది నిజమే, అయితే పూర్తి భారం బ్రేకు మీదే పడుతుంది. నిటారు దిగుడుకు ముందే తక్కువ గేరుకు దిగడం మేలు.

వేగం పెంచే ముందు పడే తీరును కూడా ఆలోచించండి. గంటకు 14, 15 కిలోమీటర్ల వద్ద ముందుకు జారితే చాలామంది నాలుగు అడుగులు పరుగెత్తి నిలదొక్కుకుంటారు. 24 దగ్గర అది చాలా కొద్దిమందికే సాధ్యం. హెల్మెట్‌తో పాటు మణికట్టు, మోకాలు కాపాడే కవచాలు లేకుండా ఎక్కువ గేరులో తొక్కకండి.

బిగించాక చూడవలసినవి

గేరు హబ్‌లోని ప్లానెటరీ యంత్రం పనిచేయడానికి దాని ఒక భాగం తిరగకుండా ఫ్రేమ్‌కు ఆనుకుని ఉండాలి. అందువల్ల బేరింగ్ పట్టుల బోల్టులు తయారీదారు చెప్పిన బిగువులోనే ఉండాలి, వదులైతే ఎక్కువ గేరులో హబ్ జారుతుంది, మరీ బిగిస్తే బేరింగ్ నలుగుతుంది. కొత్త హబ్‌తో మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత ఈ బోల్టులనూ, క్రాంకు బోల్టులనూ, బొత్తాలు స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో కూడా చూడండి.

మొదటి పరీక్షను వాహనాలు లేని చదునైన చోట తక్కువ గేరులోనే చేయండి. ఎక్కడం, ఆగడం, మళ్లీ కదలడం నిలకడగా వచ్చాకే గేరు మార్చండి. తర్వాత మీ అసలు దారిలోని అతి కష్టమైన కిలోమీటరును ఎంచుకుని, అలసిపోయి ఉన్నప్పుడు, అంటే ప్రయాణం చివర్లో, దాని మీద తొక్కి చూడండి. అక్కడ అదుపు చాలడం లేదనిపిస్తే గేరును తప్పుపట్టే ముందు క్రాంకును ఒక మెట్టు, అంటే 10 నుంచి 25 మిల్లీమీటర్లు పెంచి, కొన్ని రోజులు అలాగే తొక్కండి. క్రాంకు మారిన మొదటి రోజు ఏ అమరికైనా తప్పుగానే అనిపిస్తుంది, కాళ్లు కొత్త వృత్తానికి అలవాటు పడ్డాకే ఆ నిష్పత్తి గురించి నిర్ణయం తీసుకోండి.